పీఎఫ్ వ్యాసాలు రాసి సంపాదించడం: బెంగళూరు నుంచి నా అనుభవం

ఆన్‌లైన్‌లో తెలుగులో రాసి సంపాదించాలనుకునేవారు ముందుగా అడిగేది ప్రకటనల ఆదాయం గురించే. ఆ ఆదాయం ఉన్నమాట నిజం, నాకూ వస్తోంది. అయితే బెంగళూరులో అద్దె కట్టి ఇల్లు నడపడానికి అది చాలదు. నా సంపాదనలో పెద్ద భాగం, నా వ్యాసాలు చదివి అలాంటివే తమకూ రాసిపెట్టమని అడిగిన సంస్థల నుంచి వచ్చింది. ఈ సంగతి ముందే తెలిస్తే ఏ విషయం ఎంచుకోవాలి, ఎంత లోతుగా రాయాలి, డబ్బు దగ్గర ఏం మాట్లాడాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబులు మారిపోతాయి. అందుకే నేను వచ్చిన దారిని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక సంస్థలో జీతాల విభాగంలో పనిచేసేదాన్ని. ఉద్యోగుల హాజరు చూడడం, పీఎఫ్, ఈఎస్ఐ జమ చేయడం, మానేసినవాళ్ల లెక్కలు తేల్చడం నా పని. మేముండే కె.ఆర్. పురంలో చిత్తూరు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు, నర్సులు, గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్లు. ఉద్యోగం మానేశాక పీఎఫ్ డబ్బు ఎలా తీసుకోవాలో తెలియక వాళ్లు ఏదో ఒక సైబర్ సెంటరుకు వెళ్లి, అక్కడివాళ్లు అడిగినంత ఇచ్చి, ఒక్కోసారి తమ ఓటీపీ కూడా వాళ్ల చేతిలో పెట్టి వచ్చేవారు. ఆ పని ఫోన్‌లో సొంతంగా చేసుకోవచ్చని నేను రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉండేదాన్ని. చెప్పినదాన్నే రాయడంతో నా బ్లాగు మొదలైంది.

ఎక్కువమంది ఏం వెతుకుతారో అదే రాయమని నాకు చాలామంది సలహా ఇచ్చారు. సినిమా కబుర్లు, రాశిఫలాలు, ఉద్యోగ ప్రకటనలు, ప్రభుత్వ పథకాల వార్తలు ఎంతోమంది చదువుతారు, కాదనను. కానీ అవి పత్రికలూ టీవీ ఛానళ్లూ గంటగంటకూ రాసే విషయాలు. ఇంట్లో ఒక్కరే కూర్చుని రాసే మనిషి వేగంలో వాళ్లతో పోటీ పడలేదు. పైగా అలాంటి వ్యాసం ఆయుష్షు ఒక పూటే. పీఎఫ్ లాంటి విషయం చదివేవాళ్లు తక్కువే అయినా, చదివేవాళ్లకు ఆ రోజు దానితో గట్టి అవసరం ఉంటుంది, ఏడాది తరువాత ఇంకొకరికి అదే అవసరం వస్తుంది. మీరు చేసిన ఉద్యోగంలో గానీ, మీ ఇంటి వృత్తిలో గానీ బయటివాళ్లకు తెలియని లోపలి సంగతులు ఏవి ఉన్నాయో చూసుకుని అక్కడ మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను. పంట బీమా, నర్సింగ్ రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌పోర్టు పర్మిట్లు, పట్టాదారు పాసుపుస్తకాల్లో దిద్దుబాట్లు వంటి వాటి గురించి అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాసిన తెలుగు వ్యాసాలు ఇప్పటికీ వెతికితే గానీ దొరకవు.

నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది పేర్ల తేడా గురించిన వ్యాసం. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందుగా ఉంటుంది: కొండా లక్ష్మీదేవి అనుకోండి. కర్ణాటకలో ఇనిషియల్‌ను పేరు చివర రాసే అలవాటు ఎక్కువ కాబట్టి ఇక్కడి ఫ్యాక్టరీ రికార్డులో అదే మనిషి ‘లక్ష్మీదేవి కె’ అవుతుంది. యూఏఎన్‌లో (పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ ఇచ్చే నంబరు) ఉన్న పేరూ ఆధార్‌లో ఉన్న పేరూ సరిపోలకపోతే ఆన్‌లైన్ క్లెయిమ్ ముందుకు కదలదు. మా వీధిలో ఉండే ఒక అమ్మాయి, “అక్కా, మనిషిని నేనొక్కదాన్నే కదా, రెండు పేర్లని ఎందుకంటా ఉండారు?” అని అడిగింది. ఆ ప్రశ్ననే వ్యాసానికి మొదటి వాక్యంగా పెట్టాను. దాని వెనకే వివరాలు సరిచేయమని ఉద్యోగీ యజమానీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ పత్రం అంటే ఏమిటి, అందులో ఉద్యోగి నింపవలసింది ఏది, యజమాని ఆమోదించవలసింది ఏది, ఫ్యాక్టరీ మూతపడిపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నవి వరసగా రాశాను. మొత్తం తీసుకోవడానికి ఫారం 19, పెన్షన్ భాగానికి 10సీ, ఉద్యోగంలో ఉండగానే అడ్వాన్సుకు 31 అని చెప్పి, ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే పన్ను కోత ఉంటుందన్న సంగతిని విడిగా, కంటపడేటట్లు పెట్టాను. ఎందుకంటే చేతికి తక్కువ డబ్బు వచ్చినప్పుడు జనం మోసపోయామనే అనుకుంటారు.

ఇలాంటి విషయాల్లో రాయడం ఒక ఎత్తు, రాసినదాన్ని కాలానికి తగ్గట్టు దిద్దుతూ ఉండడం మరో ఎత్తు. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్ ఆధారంగా యూఏఎన్ పొందినవాళ్లు యజమాని ఆమోదం లేకుండానే పేరు, పుట్టిన తేదీ వంటివి సరిచేసుకోవచ్చని 2025 జనవరిలో పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్‌ఓ ప్రకటించింది. నా వ్యాసంలో సగభాగం ఆ ఒక్క ప్రకటనతో పాతబడింది, తిరగరాశాను. అదే ఏడాది అక్టోబరులో, పాక్షికంగా డబ్బు తీసుకోవడానికి ఉన్న 13 నిబంధనలను మూడు వర్గాలుగా కలపాలని ఈపీఎఫ్‌ఓ కేంద్ర ధర్మకర్తల మండలి నిర్ణయించినప్పుడు, వాట్సాప్‌లో అది ఆ రోజు నుంచే అమలైనట్లు తిరిగింది. మండలి నిర్ణయించడం వేరు, ఉత్తర్వు వెలువడి పోర్టల్‌లో మార్పు కనిపించడం వేరు. నేను ‘నిర్ణయించింది’ అని మాత్రమే రాసి, ప్రతి వ్యాసం పైన చివరిసారి సరిచూసిన తేదీ వేయడం అప్పటి నుంచి నియమంగా పెట్టుకున్నాను. నాకు పని ఇచ్చిన సంస్థల్లో ఒకటి, ఆ తేదీని చూసే నన్ను నమ్మామని తరువాత చెప్పింది.

సాంకేతిక విషయాలు నేను క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే వాటి మీద జనం పెట్టవలసినదానికంటే ఎక్కువ కాలం పెడతారు. సొంత డొమైన్ పేరు కొనండి; డాట్ ఇన్ పేరుకు ఖర్చు పెద్దగా ఉండదు, బ్లాగర్ వంటి ఉచిత వేదికకు కూడా దాన్ని జోడించుకోవచ్చు. యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో టైపు చేసింది తెరమీద తెలుగులా కనిపించినా కంప్యూటరుకు అది తెలుగు కాదు, వెతికేవాళ్లకు దొరకదు. వ్యాసం లింకును మాత్రం చిన్న ఇంగ్లిషు మాటల్లో పెట్టండి, ఎందుకంటే తెలుగు అక్షరాల లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పొడుగాటి తీగగా మారి, చూసినవాళ్లు అదేదో మోసం లింకు అనుకుని నొక్కరు. ఫారాల స్క్రీన్‌షాట్లు పెట్టేటప్పుడు యూఏఎన్, ఆధార్, ఫోను నంబర్లను పూర్తిగా చెరిపి పెట్టండి. వేలితో గీసిన పలుచని గీత వెనక అంకెలు చదవడం కష్టం కాదు.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను మాత్రం మొదటి రోజే జోడించుకోవాలి. ఏ మాటలతో వెతికినప్పుడు మన పేజీ కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది అది ఉచితంగా చూపిస్తుంది. నా పాఠకులు ‘ఉపసంహరణ’ అని వెతకరు, ‘పీఎఫ్ డబ్బులు డ్రా చేయడం’ అని వెతుకుతారు, చాలామంది తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. శీర్షికలో వాళ్ల మాట ఉండాలి. వ్యాసం లోపల ఫారం మీద ఉండే అధికారిక పదం కూడా ఒకసారి చెప్పాలి, లేకపోతే పోర్టల్ తెరిచాక ఎక్కడ నొక్కాలో వాళ్లకు తెలియదు. మన పేజీ కనిపించినా ఎవరూ నొక్కని ప్రశ్నలను ఆ జాబితాలో చూసి, వాటికి జవాబుగా కొత్త వ్యాసాలు రాయడం నాకు బాగా పనిచేసింది.

ఇక ప్రకటనలు. మన పేజీల్లో ప్రకటనలు చూపి అందులో మనకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను 2018 నుంచి అనుమతిస్తోంది. దరఖాస్తు చేసేముందు సొంత రచన తగినంత ఉండాలి, మీరెవరో చెప్పే పేజీ, గోప్యతా విధానం, సంప్రదించే వివరాలు పెట్టుకోవాలి. ఆదాయం 10 డాలర్లు చేరినప్పుడు చిరునామా సరిచూడడానికి ఆరంకెల పిన్‌ను మామూలు పోస్టులో పంపుతారు, దానికి ట్రాకింగ్ ఉండదు. బెంగళూరు చిరునామాల్లో మెయిన్, క్రాస్, లేఅవుట్, స్టేజ్ అని ఎన్నో వస్తాయి కాబట్టి యాడ్‌సెన్స్ ఇచ్చిన వరసల్లో అవన్నీ పట్టేటట్లు చిరునామాను పొదుపుగా రాసుకోవాలి. నేను ఇంటి ఓనరు పేరు కూడా చేర్చాను. ఆ చిన్న తెల్ల కవరు కింది అంతస్తులో వాళ్లకు అందింది, ఆంటీగారు కరెంటు బిల్లుతో పాటు తెచ్చి ఇచ్చారు. మొదటి పిన్ జారీ అయిన నాలుగు నెలల్లోగా దాన్ని నమోదు చేయకపోతే మీ పేజీల్లో ప్రకటనలు ఆగిపోతాయి. ఉత్తరం రాకపోతే మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు. 100 డాలర్లు చేరాకే చెల్లింపు ఉంటుంది, అది తరువాతి నెల 21, 26 తేదీల మధ్య బయలుదేరుతుంది.

నా బ్లాగు చదివేవాళ్లకు అప్పటికప్పుడు డబ్బు అవసరం. పీఎఫ్ తీసుకోవడానికి వచ్చిన మనిషికి పక్కనే తక్షణ రుణాల ప్రకటన చూపిస్తే ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. యాడ్‌సెన్స్‌లో కొన్ని సున్నితమైన వర్గాల ప్రకటనలను ఆపివేసే సదుపాయం ఉంది, నేను రుణాల వర్గాన్ని ఆపేశాను. దానివల్ల ఆదాయం కొంత తగ్గింది, తగ్గనివ్వాలన్నదే నా అభిప్రాయం. ఒక రుణ యాప్ తరఫున మాట్లాడినవాళ్లు, నా నెల ప్రకటనల ఆదాయానికి ఎన్నో రెట్లు ఇస్తామని, తమ గురించి మామూలు వ్యాసంలా రాయమని అడిగారు, ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని రాసిన రచనను అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నియమం లేకపోయినా చెప్పవలసిందే. మన వ్యాసంలో ఏది సలహా, ఏది బేరం అన్నది చదివేవాళ్లకు తెలియకపోతే మిగిలిన వ్యాసాలను కూడా వాళ్లు నమ్మనక్కరలేదు.

అసలు ఆదాయం దగ్గరకు వస్తాను. పేర్ల తేడా వ్యాసం చదివి, కోరమంగలలోని జీతాల లెక్కల (పేరోల్) సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థ తమ యాప్‌లో కార్మికులకు కనిపించే సహాయ పేజీలను తెలుగులో రాసిపెట్టమని అడిగింది. ఫోనులో మొదటి ప్రశ్నే, “మేడమ్, పర్ వర్డ్ ఎంత తీసుకుంటారు?” అని. ఆన్‌లైన్ రచనకు పదాల లెక్కన రేటు చెప్పడం ఇంగ్లిషు నుంచి వచ్చిన పద్ధతి. ‘తీసుకోలేకపోయినవాళ్లకు’ అన్నది మనకు ఒక్క పదం, ఇంగ్లిషులో దానికి అయిదారు కావాలి. అదే వ్యాసం తెలుగులో రాస్తే పదాల సంఖ్య బాగా తగ్గిపోతుంది, రేటు మాత్రం ఇంగ్లిషుకంటే తక్కువే చెబుతారు. కాబట్టి రెండు విధాలా నష్టం. అనువాదమైతే మూలంలోని ఇంగ్లిషు పదాల లెక్కన తీసుకోవాలి. సొంత రచనైతే వ్యాసానికింత అని చెప్పాలి. నేను రెండో పద్ధతిలోనే మాట్లాడాను, ఇప్పటికీ అలాగే మాట్లాడతాను. ఒక మామూలు వ్యాసానికి 4,000 రూపాయల దగ్గర మొదలుపెట్టి, నిబంధనలు సరిచూసే పని ఎక్కువగా ఉంటే పెంచుతాను. ఆ ధరలోనే ఒక విడత దిద్దుబాట్లు ఉంటాయని, రెండో విడతకు విడిగా తీసుకుంటానని ముందే రాతలో పెడతాను. కొత్తవాళ్ల దగ్గర సగం ముందుగా అడుగుతాను. అడిగితే పని పోతుందేమో అని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఇంట్లో ఉండి రాసే ఆడవాళ్లు. నిజంగా పని ఉన్నవాళ్లు ఆ మాటకు వెనక్కు పోవడం నేను చూడలేదు.

ఈమధ్య చాలా సంస్థలు యంత్రం చేసిన అనువాదాన్ని పంపి, కాస్త చూసి పెట్టండి అని తక్కువ రేటు చెబుతున్నాయి. పీఎఫ్, పన్నులు, మందుల వంటి విషయాల్లో ఆ ‘కాస్త’ అన్న మాటను నమ్మకండి. ‘ఈ సందర్భంలో తప్ప వర్తించదు’ వంటి వాక్యాలు తలకిందులై వచ్చినా పైకి చక్కగానే చదవబడతాయి, మూలంతో వాక్యం వాక్యం పోల్చితే గానీ తప్పు దొరకదు. అలాంటి పనికి నేను గంటల లెక్కన తీసుకుంటాను. ఇక యంత్రంతో వందల పేజీలు పుట్టించి సొంత బ్లాగు నింపుదామనుకునేవాళ్లకు ఒక మాట: చదివేవాళ్లకు ఉపయోగం లేని పేజీలను పెద్దఎత్తున తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నిబంధనల్లో తప్పుగా చేర్చింది.

ఒప్పందం విషయంలో కాపీరైటు చట్టం గురించి ప్రతి రచయితా కొంచెమైనా తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్క. నాకు వచ్చిన ముసాయిదాల్లో చాలావాటిలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఏ మాధ్యమంలోనైనా’ అని ఉంటుంది. యాప్ సహాయ పేజీలకు నేను దాన్ని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ పేజీలు వాళ్ల యాప్ బయట నాకు ఉపయోగపడవు. నా పేరుతో వచ్చే వ్యాసాలకు మాత్రం కాలం రాయమంటాను, పుస్తకంగా వేసుకునే హక్కు నా దగ్గరే ఉంచుకుంటాను. ఈ మార్పు అడిగితే సాధారణంగా కాదనరు. అడగనివాళ్లకు మొదటి ముసాయిదానే మిగులుతుంది.

డబ్బు ఆలస్యం కావడం ఈ పనిలో నిత్యం ఉండేదే. ఒక ఏజెన్సీ నా వ్యాసాలన్నీ ప్రచురించుకుని, అకౌంట్స్‌లో ఉంది, వచ్చే వారం అంటూ నెలలు గడిపింది. అప్పటికే నేను చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదై ఉన్నాను. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం అలా నమోదైనవారికి ఒప్పుకున్న గడువులోగా, ఎంత పొడిగించినా 45 రోజుల్లోగా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి, కట్టకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఈ నిబంధనలను ఉదహరిస్తూ, నా ఉద్యమ్ నంబరు వేసి, మర్యాదగా ఒక ఉత్తరం పంపాను. వడ్డీ ఇవ్వలేదు గానీ అసలు మొత్తం వచ్చింది, ఫిర్యాదు దాకా పోవలసిన అవసరం రాలేదు. పని ఒప్పుకునే నాటికే నమోదు ఉండాలన్నది ఇక్కడ ముఖ్యం. ఇప్పుడు నా ఇన్‌వాయిస్ అడుగున ఆ నంబరూ గడువు తేదీ రెండూ ఉంటాయి.

పన్నుల సంగతిలో నాకు సాయపడింది వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితిలో ఒక సభకు వెళ్లినప్పుడు పరిచయమైన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. యాడ్‌సెన్స్ డబ్బు విదేశం నుంచి వస్తుంది కాబట్టి బ్యాంకు పర్పస్ కోడ్ (ఆ డబ్బు దేనికి వచ్చిందో తెలిపే సంకేతం) అడుగుతుందని, ఆ జమకు సంబంధించిన ధ్రువపత్రాన్ని ప్రతిసారీ అడిగి దాచుకోవాలని ఆ పెద్దాయనే చెప్పారు. ఇక్కడి సంస్థలు చెల్లించేటప్పుడు సాధారణంగా పది శాతం టీడీఎస్ (మన తరఫున ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తాయి. అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పేరు మీద కనిపిస్తోందో లేదో మూడు నెలలకొకసారి చూసుకోవాలి, ఎందుకంటే కోసి జమ చేయనివాళ్లు ఉంటారు, ఏడాది చివర అడిగితే అక్కడ పనిచేసిన మనిషే మారిపోయి ఉంటారు. టీడీఎస్ పోను ఇంకా కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు, అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను వాయిదాల్లో కట్టాలి. సేవల మీద వచ్చే ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు, కానీ కొన్ని సంస్థలు అది లేకపోతే పని ఇవ్వమంటాయి. అలాంటివాళ్లకు నియమాన్ని ఒకసారి వివరించి చెబుతాను, వినకపోతే వదిలేస్తాను.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలని అడిగేవాళ్లకు నేను ఆదాయం అంకెను చెప్పను, ఆ ఆదాయం ఎంతమంది నుంచి వస్తోందో చూసుకోమంటాను. ఒకే సంస్థ నుంచి జీతమంత డబ్బు వస్తోందంటే అది ఇంకొక ఉద్యోగమే, పైగా పీఎఫ్ లేని ఉద్యోగం. ఒకరికొకరికి సంబంధం లేని ముగ్గురు నలుగురు క్లయింట్లు నిలకడగా పని ఇచ్చే దాకా నేను జీతాల విభాగంలోనే ఉండి, రాత్రిళ్లూ ఆదివారాలూ రాశాను. ఆ తరువాత మానేశాను. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు సంస్థల పని, ఒక రోజు నా బ్లాగు వ్యాసాల దిద్దుబాటు. పాఠకులు పంపే ప్రశ్నలకు ఆదివారం ఉదయం జవాబులు రాస్తాను, దానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. తరువాత రాయవలసిన వ్యాసాలు ఆ ప్రశ్నల్లోంచే వస్తున్నాయి.